అలిసిపోయానని చెప్పగల నాయకుడు



2006 జనవరి 16, సోమవారం. పెర్త్ నగరంలో పశ్చిమ ఆస్ట్రేలియా ప్రీమియర్ జెఫ్ గ్యాలప్ విలేకరులను పిలిచారు. ప్రీమియర్ అంటే మన దగ్గర ముఖ్యమంత్రి పదవి లాంటిది. అంతకు ముందు సంవత్సరమే ఆయన రెండోసారి ఎన్నికల్లో గెలిచారు. వయసు యాభై నాలుగు. ఆ సమావేశంలో ఆయన చెప్పింది ఇది: నాకు డిప్రెషన్ ఉంది, చికిత్స తీసుకుంటున్నాను, కోలుకోవాలంటే ఈ ఒత్తిడి నుంచి పక్కకు తప్పుకోవాలి, కనుక రాజీనామా చేస్తున్నాను.

అధికారంలో ఉన్న మనిషి ఇలాంటి మాట కెమెరాల ముందు చెప్పడం ఎంత కష్టమో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. గుండెకు స్టెంట్ వేశారంటే మన ఇళ్లలో బంధువులంతా పళ్లు పట్టుకుని పలకరించడానికి వస్తారు. మనసు బాగాలేదని తెలిస్తే మాత్రం ఆ సంగతి గడప దాటనివ్వం. ఆడపిల్ల పెళ్లికి అడ్డమవుతుందంటాం, మగపిల్లాడి ఉద్యోగానికి చేటంటాం. పని చేయించే స్థానంలో ఉన్నవాడికైతే ఇంకా కష్టం. తాను జంకితే కింద ఉన్నవాళ్లంతా జంకుతారని అతను నమ్ముతాడు. ఇల్లు, ఆఫీసు, రాజకీయం, ఎక్కడైనా ఇదే నమ్మకం.

గ్యాలప్ ఆ నమ్మకాన్ని పక్కన పెట్టారు. పెడితే ఆయన జీవితమేమీ ఆగిపోలేదు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలన నేర్పే విభాగానికి డైరెక్టరుగా వెళ్లి ఏళ్ల తరబడి పనిచేశారు. ఆయన తర్వాత మూడేళ్లకు, 2009లో, ఆండ్రూ రాబ్ అనే సీనియర్ లిబరల్ నాయకుడు కూడా డిప్రెషన్‌కు చికిత్స కోసం ప్రతిపక్షంలో తన బాధ్యతల నుంచి కొన్నాళ్లు తప్పుకున్నారు. దశాబ్దాలుగా ప్రతి ఉదయం తనను కుంగదీస్తున్న బాధను అప్పటిదాకా బయటపెట్టలేదట. చికిత్స తీసుకున్నారు, తిరిగి వచ్చారు. 2013లో వాణిజ్య మంత్రి అయ్యారు. దక్షిణ కొరియా, జపాన్, చైనాలతో ఆస్ట్రేలియా చేసుకున్న మూడు పెద్ద వాణిజ్య ఒప్పందాలు ఆయన హయాంలోనే కుదిరాయి. జబ్బు చెప్పుకున్న మనిషి ఇక దేనికీ పనికిరాడని అనేవాళ్లకు ఈ ఒక్క జీవితం చూపిస్తే చాలు.

మళ్లీ పెర్త్‌కే వద్దాం. గ్యాలప్ మంత్రివర్గంలో పనిచేసిన మార్క్ మెక్‌గోవన్ తర్వాత అదే ప్రీమియర్ పదవిలోకి వచ్చారు. కోవిడ్ కాలమంతా ఆ రాష్ట్రాన్ని ఆయనే నడిపారు. మిగతా దేశం నుంచి వచ్చేవాళ్లకు కూడా రాష్ట్ర సరిహద్దుల్లో దాదాపు రెండేళ్లు ఆంక్షలు ఉంచారు. 2021 ఎన్నికల్లో 59 సీట్లకు 53 గెలిచారు. అంత బలం ఉన్న మనిషి 2023 మే 29న వచ్చి, నేను బాగా అలిసిపోయాను, ఈ పనికి కావలసిన ఓపిక నాలో మిగల్లేదు అని చెప్పి దిగిపోయారు. జనం ఆశ్చర్యపోయారు, చాలామంది బాధపడ్డారు. అంతకు పదిహేడేళ్ల ముందు ఒక మనిషి నోరు విప్పి ఉండకపోతే ఈ రెండో మనిషి అంత తేలిగ్గా చెప్పగలిగేవాడా అని నాకు అనుమానమే.

ఈ రాజకీయ నాయకుల కథలు మనకెందుకు అని మీరు అడగవచ్చు. 2021 జనగణన నాటికే ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు అరవై వేలమంది. ఇప్పుడు ఇంకా పెరిగారు. మెల్‌బోర్న్‌లో టార్నీట్, పాయింట్ కుక్, సిడ్నీలో వెంట్‌వర్త్‌విల్, స్కోఫీల్డ్స్ వెళ్తే పక్కపక్క ఇళ్లలో మనవాళ్లే. ఒకప్పుడు ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన వాళ్లు ఇప్పుడు టీం లీడ్‌లు, ప్రాజెక్ట్ మేనేజర్లు, ఆసుపత్రిలో నర్స్ యూనిట్ మేనేజర్లు, గనుల్లో షిఫ్ట్ సూపర్‌వైజర్లు. అంటే నలుగురి నిద్ర మన చేతిలో ఉంది. ఆ నలుగురికి ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. రిస్ట్రక్చర్, ఏఐ, రిడండెన్సీ, ఈ మూడు మాటలు వినపడని ఆఫీసు ఈ దేశంలో తక్కువ.

2025లో జరిగినవి చూడండి. జులైలో కామన్వెల్త్ బ్యాంక్ 45 కాల్ సెంటర్ ఉద్యోగాలు తీసేస్తున్నామని ప్రకటించింది. ఫోన్లకు జవాబిచ్చే ఏఐ బాట్ వచ్చింది, కాల్స్ తగ్గాయి అన్నది కారణం. అక్కడ పనిచేసేవాళ్ల అనుభవం వేరు. కాల్స్ పెరుగుతున్నాయి, ఓవర్‌టైం ఇస్తున్నారు, టీం లీడర్లను కూడా ఫోన్ల దగ్గర కూర్చోబెడుతున్నారు అని ఫైనాన్స్ సెక్టార్ యూనియన్ గట్టిగా చెప్పింది. గొడవ ఫెయిర్ వర్క్ కమిషన్ దాకా వెళ్లింది. ఆగస్టులో బ్యాంకు, మేము అన్ని విషయాలూ సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది. సంతోషమే. కానీ ఆ నెల రోజులు ఆ 45 ఇళ్లలో రాత్రిళ్లు ఎలా గడిచాయో ఏ ప్రకటనలోనూ ఉండదు. ఫోన్ల దగ్గర కూర్చున్న మనిషిని ముందుగా ఒక్కమాట అడిగి ఉంటే కాల్స్ పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో అప్పుడే చెప్పేవాడు.

అదే ఆగస్టులో ఏఎన్‌జెడ్ బ్యాంకులో కొందరికి ఉద్యోగం పోతున్న సంగతి మేనేజర్ చెప్పకముందే, ల్యాప్‌టాప్ ఎప్పుడు తిరిగి ఇవ్వాలో చెప్పే ఆటోమేటిక్ ఈమెయిల్ వెళ్లిపోయింది. బ్యాంకు క్షమాపణ చెప్పింది. రెండు వారాల లోపే 3,500 ఉద్యోగాల కోత ప్రకటించింది.

ఇక మూడోది చాలామంది దృష్టికి రాలేదు, నా దృష్టిలో అదే అన్నిటికన్నా ముఖ్యం. సెప్టెంబరు మొదట్లో సిడ్నీలోని యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ సుమారు 400 ఉద్యోగాలు తగ్గించే ప్రణాళిక బయటపెట్టబోతోంది. అప్పుడు న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ పని భద్రతా విభాగం సేఫ్‌వర్క్ రంగంలోకి దిగి, ఆగండి అని నోటీసు ఇచ్చింది. ఈ పద్ధతిలో చెబితే ఉద్యోగుల మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని జరిగే ప్రమాదం ఉందన్నది కారణం. తర్వాత ఆ నోటీసు ఎత్తేశారనుకోండి. అయినా ఒక్కసారి ఆలోచించండి. యంత్రానికి రక్షణ కవచం లేదని ఫ్యాక్టరీని ఆపించే ఇన్‌స్పెక్టర్, ఉద్యోగాల కోత ప్రకటనను ఆపించాడు.

ఇది ఒక అధికారి ఉత్సాహం వల్ల జరిగింది కాదు, చట్టంలో ఉన్న సంగతే. పనిచోట మనసుకు హాని చేసే విషయాలను ఆస్ట్రేలియా ఇప్పుడు తెగి వేలాడే కరెంటు తీగతో సమానంగా చూస్తోంది. అది ఎవరికైనా తగలకముందే సరిచేయడం యజమాని బాధ్యత. 2022 అక్టోబరు నుంచి న్యూ సౌత్ వేల్స్‌లో ఈ నిబంధనలు వచ్చాయి, ఒక్కో రాష్ట్రం అదే దారి పట్టింది, విక్టోరియాలో 2025 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. సేఫ్ వర్క్ ఆస్ట్రేలియా గుర్తించిన ప్రమాదాల్లో మోయలేనంత పని ఉంది, వేధింపులు ఉన్నాయి, తన పని ఏమిటో తనకే స్పష్టంగా తెలియకపోవడం ఉంది, పైవాళ్ల ఆసరా లేకపోవడం ఉంది. సంస్థలో మార్పులను సరిగ్గా నడపకపోవడం కూడా అందులో ఉంది. మార్పు తప్పని కాదు. మనుషులతో మాట్లాడకుండా, కారణం చెప్పకుండా, గాలి వార్తల మధ్య వాళ్లను నెలల తరబడి వదిలేస్తే అది ప్రమాదం.

అందుకే, మధ్యాహ్నం పన్నెండుకు గంటసేపు యోగా, నెలకో వెబినార్, ఒక పళ్ల బుట్ట పెట్టి ఉద్యోగుల క్షేమం చూసుకున్నాం అనుకునే పద్ధతి నాకు మింగుడుపడదు. యోగా మంచిదే, నేనూ చేస్తాను. కానీ తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి కళ్లు మూసుకుంటే ఆ ప్రశ్నే ఎదురుగా నిలబడుతుంది. దానికి జవాబు చెప్పాల్సింది యోగా గురువు కాదు, మేనేజరు.

సరే, జవాబు మేనేజరు దగ్గర కూడా లేకపోతే? చాలాసార్లు ఉండదు. మధ్యలో ఉన్నవాడికి పైనుంచి అన్నీ చెప్పరు. అలాంటప్పుడు ఏం చేయాలో చూపించిన మనిషి ఒకరు నాకు గుర్తొస్తారు.

2019 చివర, 2020 మొదట్లో ఈ దేశాన్ని కాల్చిన కార్చిచ్చు మీలో చాలామంది చూసే ఉంటారు. 33 మంది ప్రాణాలు, మూడు వేలకు పైగా ఇళ్లు, రెండు కోట్ల నలభై లక్షల హెక్టార్ల నేల. సిడ్నీలో వారాల తరబడి ఇంట్లో తలుపులు మూసుకున్నా పొగ వాసన పోలేదు. ఆ రోజుల్లో న్యూ సౌత్ వేల్స్ రూరల్ ఫైర్ సర్వీస్ కమిషనర్ షేన్ ఫిట్జ్‌సిమ్మన్స్. ఆయన వెనక ఉన్నది డెబ్బై వేలమంది పైచిలుకు వాలంటీర్లు. రైతులు, ప్లంబర్లు, టీచర్లు, జీతం తీసుకోకుండా మంటల్లోకి వెళ్లేవాళ్లు. జీతం లేని చోట ఆజ్ఞ పనిచేయదు, నమ్మకం ఒక్కటే పనిచేస్తుంది.

ఆయన రోజూ టీవీ ముందుకు వచ్చేవారు. మంట ఎక్కడుంది, గాలి ఎటు తిరుగుతుంది, ఏ ఊరివాళ్లు ఎప్పటిలోగా బయల్దేరాలి, ఇవన్నీ చెప్పేవారు. ఏది తమ చేతిలో లేదో అది కూడా దాచకుండా చెప్పేవారు. ఇవాళ ఇళ్లు పోతాయి, కొన్ని మంటలను ఆపలేం, వర్షం పడేదాకా ఇవి ఆరవు అన్న మాటలు ఆ పదవిలో ఉన్న మనిషి నోట వినడం భయంగానే ఉండేది, కానీ ఆ భయం గాలి వార్తల భయం కంటే నయం. ఏం చేయాలో తెలిసేది.

డిసెంబరు 19 రాత్రి సిడ్నీకి నైరుతిలో బక్స్‌టన్ దగ్గర చెట్టు కూలి ఫైర్ ట్రక్ బోల్తా పడింది. ఇద్దరు యువ వాలంటీర్లు చనిపోయారు. ఇద్దరికీ పసిపిల్లలు. ఒకరి అంత్యక్రియల్లో ఫిట్జ్‌సిమ్మన్స్ మోకాళ్ల మీద కూర్చుని, నోట్లో పాలపీక ఉన్న చిన్నారి చొక్కాకు వాళ్ల నాన్నకు దక్కిన పతకం పెట్టారు. ఆయన సొంత తండ్రి కూడా 2000లో మౌంట్ కురింగై దగ్గర, ముందుజాగ్రత్తగా పొదలు కాల్చే పనిలో ఉండగా మంటల్లో చనిపోయిన మనిషి. ఆ రోజుల్లో ఆయన బాధ ముఖంలో కనిపించేది, దాన్ని దాచుకోవాలని ఆయన ప్రయత్నించలేదు. దానివల్ల ఎవరికీ ఆయన మీద నమ్మకం సడల్లేదు, ఇంకా గట్టిపడింది.

ఆ ట్రక్ బోల్తా పడిన వారంలోనే అప్పటి ప్రధాని స్కాట్ మారిసన్ కుటుంబంతో హవాయిలో సెలవులో ఉన్నారు. ఆ సంగతి దేశానికి చెప్పలేదు. బయటపడ్డాక పెద్ద గొడవైంది, వాలంటీర్ల మరణం తర్వాత సెలవు మధ్యలో వదిలి వచ్చారు, విచారం వెలిబుచ్చారు. ఈ విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. సెలవు తీసుకోవడం తప్పు కాదు. ఎంత పెద్ద నాయకుడైనా పిల్లలతో వారం గడపాలి, గడపకపోతే కొన్నాళ్లకు అతని నిర్ణయాలే దెబ్బతింటాయి. వెళ్తున్నానని చెప్పి, నా స్థానంలో ఫలానా ఆయన ఉంటారని చెప్పి వెళ్తే జనం కొంత గొణిగి ఊరుకునేవారు. దాచడం వల్లే అది గాయమైంది.

మన టీం లీడ్‌ల విషయానికి వస్తే, మనవాళ్లు సెలవు దాచరు, అసలు తీసుకోరు. నాలుగు వారాల యాన్యువల్ లీవ్ రెండేళ్లు పేర్చి ఉంచుతారు, ఇండియా వెళ్లినా ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్తారు, విజయవాడలో పెళ్లి మండపం బయట నిలబడి మెల్‌బోర్న్ కాల్ మాట్లాడతారు. ఇది నిబద్ధత అనుకుంటాం. కానీ టీంలో కొత్తగా చేరిన కుర్రాడు మిమ్మల్ని చూసి నేర్చుకుంటాడు. మీరు రాత్రి పదకొండుకు పంపిన ఈమెయిల్‌కి జవాబు అక్కర్లేదని మీరు అనుకోవచ్చు, అతను మాత్రం లేచి కూర్చుని రాస్తాడు.

2024 ఆగస్టు 26 నుంచి ఇక్కడ ఉద్యోగులకు పని వేళల తర్వాత వచ్చే కాల్స్‌కి, మెసేజ్‌లకి జవాబివ్వకపోయే హక్కు వచ్చింది. పదిహేను మంది కంటే తక్కువ ఉన్న చిన్న సంస్థలకు 2025 ఆగస్టు 26 నుంచి వర్తిస్తోంది. అన్ని సందర్భాల్లోనూ కాదన్నది నిజమే. ఎందుకు పిలిచారు, దానికి అదనంగా డబ్బిస్తున్నారా, ఉద్యోగి హోదా ఏమిటి, ఇంట్లో పరిస్థితి ఏమిటి అన్నవి చూస్తారు. మనవాళ్లలో ఎంతమంది ఈ హక్కు వాడుకుంటున్నారు? వాడుకోవడానికి భయపడేవాళ్లే నాకు ఎక్కువగా కనిపిస్తారు. ఆ భయం వాళ్లకు పోగొట్టగలిగేది చట్టం కాదు, పైనున్న మనిషి.

ఇంకొక మాట. మనలో చాలామందికి టీంలో సగం హైదరాబాద్‌లో ఉంటుంది. వేసవిలో మెల్‌బోర్న్ ఉదయం తొమ్మిదంటే హైదరాబాద్‌లో తెల్లవారుజామున మూడున్నర. మనం కాఫీ తాగి కూర్చునే స్టాండప్ మీటింగ్ కోసం గచ్చిబౌలిలో ఒక అమ్మాయి మూడింటికి లేస్తోంది, లేదా అర్ధరాత్రి క్యాబ్ ఎక్కుతోంది. ఆస్ట్రేలియా చట్టం ఆమెను కాపాడదు. తెలుగు మేనేజరు కాపాడవచ్చు. మీటింగ్ మన మధ్యాహ్నం రెండుకు మారిస్తే ఆమెకు ఎనిమిదిన్నర. ఈ చిన్న మార్పుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, క్యాలెండర్ తెరిస్తే చాలు.

ఇక వీసా. ఉద్యోగ భయం అందరిదీ ఒకటి కాదు. పౌరసత్వం ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంటి అప్పు కళ్ల ముందు కనిపిస్తుంది. స్పాన్సర్ మీద ఉన్నవాడికి దేశమే పోతుందన్న భయం. పిల్ల బడి, గర్భవతి అయిన భార్య, ఊళ్లో అమ్మానాన్న చేసిన అప్పు, అన్నీ ఒక్క ఈమెయిల్‌కు వేలాడుతుంటాయి. అందుకే ఆ మనిషి ఎంత పని ఇచ్చినా కాదనడు, జ్వరమొచ్చినా లాగిన్ అవుతాడు, బాగున్నావా అంటే బాగున్నాను, అన్నా అంటాడు. అతని మాట నమ్మకండి. అతని పని గంటలు చూడండి, భోజనం టైముకు లేస్తున్నాడా చూడండి.

ఆ భయంలో కొంత పాత సమాచారం వల్ల వచ్చింది కూడా. ఒకప్పుడు స్పాన్సర్ చేసిన ఉద్యోగం పోతే 482 వీసా మీద ఉన్నవాళ్లకు కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి 60 రోజులే. 2024 జులై 1 నుంచి అది ఒక్కసారికి 180 రోజులు, వీసా కాలం మొత్తం మీద 365 రోజులు అయింది. ఆ రోజుల్లో వేరే పని చేసుకోవడానికీ వీలుంది. ఇది తెలియక రెండు నెలల్లో దేశం వదలాలనుకుని కుమిలిపోయేవాళ్లు ఇంకా ఉన్నారు.

బాధ భరించలేని స్థితికి వస్తే లైఫ్‌లైన్ నంబరు 13 11 14, ఏ గంటలోనైనా ఎత్తుతారు. బియాండ్ బ్లూ 1300 22 4636. ఇంగ్లీషులో చెప్పుకోలేకపోతే అనువాద సేవ నంబరు 131 450కి ఫోన్ చేసి తెలుగు అనువాదకులు కావాలని అడగండి. మెడికేర్ ఉన్నవాళ్లు జీపీ దగ్గర మెంటల్ హెల్త్ ప్లాన్ రాయించుకుంటే ఏడాదికి పది సెషన్ల దాకా సైకాలజిస్టు ఫీజులో కొంత వెనక్కి వస్తుంది. మెడికేర్ లేనివాళ్లు ఆఫీసులో ఈఏపీ, అంటే ఉద్యోగులకు కౌన్సెలింగ్ ఇచ్చే సేవ, ఉందేమో కనుక్కోండి. పెద్ద సంస్థల్లో చాలావాటిలో ఉంటుంది, ఉచితం, ఎవరు మాట్లాడారన్నది యజమానికి చెప్పరు.

నా విన్నపం మాత్రం నలుగురిని నడిపించే స్థానంలో ఉన్న అన్నలకు, అక్కలకు. ఈ వారం మీ టీంను కూర్చోబెట్టండి. రాబోయే మార్పుల గురించి మీకు తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదనండి, మళ్లీ ఏ రోజు కబురు చెబుతారో ఆ తేదీ చెప్పి, కొత్త కబురు లేకపోయినా ఆ రోజు వచ్చి లేదని చెప్పండి. స్పాన్సర్ మీద ఉన్న కుర్రాణ్ని పక్కకు పిలిచి 180 రోజుల సంగతి చెప్పండి. మీకే నిద్ర పట్టడం లేదంటే ముందు డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆ గంట క్యాలెండర్‌లో అందరికీ కనిపించేలా పెట్టండి.